తేదీకి ముందు పన్నెండు రోజులు

2024 నవంబరు మొదటి వారంలో ఒక సాయంత్రం మా పెద్దన్నయ్య ఒక చీటీ చేతపట్టుకొని మా ఇంటికి వచ్చి అరుగు మీద కూర్చున్నారు. గుండె వైద్యునికి చూపించుకోమని మా మండలంలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరుగారు రాసిచ్చిన చీటీ అది. ఏలూరులో ఒక ఆసుపత్రికి ఫోను చేస్తే పన్నెండు రోజుల తరువాత రమ్మని తేదీ ఇచ్చారు. అన్నయ్య ఆ చీటీని నాలుగు మడతలు పెట్టి జేబులో దోపుకొంటూ, "ఒరేయ్, చేను కోతకు వచ్చింది. కోతలయ్యాక చూద్దాంలే. క్రిస్మసు కూడా వెళ్ళిపోతే జనవరిలో తీరుబడిగా చూపించుకొంటాను" అన్నారు.

ఆయనకు ఏభై ఎనిమిదేళ్ళు. మూడెకరాల వరి, రెండు గేదెలు. మా సంఘంలో పెద్ద. ఆదివారం ఉదయం మందిరం గంట కొట్టేది ఆయనే. మూడు నెలలుగా సైకిలు మీద గడ్డిమోపు పెట్టుకొని కాలువ గట్టు ఎక్కేటప్పుడల్లా రొమ్ము మధ్యలో ఎవరో మోకాలు పెట్టి అదిమినట్టు ఉంటోంది. గట్టు మీద చింతచెట్టు కింద రెండు నిమిషాలు నిలబడితే పోతోంది. చెట్టు నీడకు పోతోందని ఆయన అనుకొన్నారు. ఎండ దెబ్బ కాబోలు, నీడ తగలగానే సర్దుకొంటోందని మాతో కూడా చెప్పారు. నిలబడినందుకు పోతోందని మాలో ఎవరికీ తట్టలేదు.

మా వదిన గ్యాసు అన్నారు. సోడా తెప్పించారు, జీలకర్ర నీళ్ళు కాచి ఇచ్చారు. ఊళ్ళోని ఆర్.ఎం.పి. డాక్టరు కూడా గ్యాసే అని పరగడుపున వేసుకొనే మాత్రలు ఇచ్చారు. నిజం చెప్పాలంటే మేమూ గ్యాసే అన్నాం. మన పల్లెల్లో రొమ్ములో వచ్చే ప్రతి నొప్పికీ ఆ ఒక్క పేరే ఉంది. కొన్నిసార్లు అది నిజం కూడా. కడుపులో పులుపు పైకి తన్నినా, పక్కటెముకల దగ్గర కండరం పట్టేసినా, ఊపిరితిత్తులకు నిమ్ము చేసినా, మనసులో దిగులున్నా రొమ్ము నొప్పి వస్తుంది. అందుకే ఏది ఏదో తేల్చడానికి డాక్టరు దగ్గరకు వెళ్ళేది.

ఆరోగ్య కేంద్రానికి వెళ్ళిన రోజున మేమిద్దరమూ వెంట ఉన్నాం. డాక్టరుగారు, "ఏమిటి బాధ?" అని అడిగారు. అన్నయ్య, "ఏం లేదండి, కాస్త గ్యాసు పడుతోంది" అన్నారు. "పొగ తాగుతారా?" అన్నారు. "లేదండి" అన్నారు. ఇ.సి.జి. తీశారు. బాగానే ఉందన్నారు. అన్నయ్య చొక్కా తొడుక్కొని లేచారు. అంతటితో ఇంటికి వచ్చేసేవాళ్ళమే. అయితే డాక్టరుగారు కాగితం మీద రాస్తూ, "పని చేసేటప్పుడు ఎక్కువవుతుందా?" అని ఊరికే అడిగినట్టు అడిగారు. అన్నయ్య మాట్లాడలేదు. తలుపు దగ్గర నిలబడ్డ వదిన, "గట్టు ఎక్కేటప్పుడే వస్తుందండి, మోపుతో. ఆగితే పోతుంది" అన్నారు. డాక్టరుగారు కలం కింద పెట్టి, "కూర్చోండి" అన్నారు. ఏలూరు చీటీ ఆ తరువాత రాసిందే.

ఇ.సి.జి. బాగుంటే మరి గుండె వైద్యుడెందుకని అన్నయ్య వారం రోజులు అడుగుతూనే ఉన్నారు. చాలామంది ఆగిపోయేది ఇక్కడే. మంచం మీద పడుకోబెట్టి తీసిన ఇ.సి.జి. ఆ నిమిషంలో విశ్రాంతిగా ఉన్న గుండెను చూపిస్తుంది. ఖాళీ బండిని చెట్టు కింద నిలబెట్టి ఇరుసు బాగానే ఉందనుకొంటే సరిపోతుందా? ముప్ఫై బస్తాలు వేసి గట్టు ఎక్కించినప్పుడు కదా తెలిసేది. గుండె కండరానికి రక్తాన్ని అందించే నాళాల్లో కొవ్వు పేరుకొంటే, మన పంటబోదెలో పూడిక పడ్డట్టే ఉంటుంది. ఊరక కూర్చున్నప్పుడు పారే కాస్త సరిపోతుంది. మోపు ఎత్తినప్పుడు, మెట్లు ఎక్కినప్పుడు, కడుపునిండా తిని వెంటనే నడిచినప్పుడు గుండె ఎక్కువ అడుగుతుంది, బోదె అంత ఇవ్వలేదు. ఆ కొరతే నొప్పి.

ఈ సంగతిని యంత్రాలేవీ లేని రోజుల్లోనే ఒక వైద్యుడు కనిపెట్టారు. 1768లో లండనులో విలియం హెబర్డెన్ అనే ఆయన తోటి వైద్యుల ముందు ఒక వ్యాసం చదివారు. నడుస్తూ ఉండగా, ముఖ్యంగా ఎత్తు ఎక్కుతూ ఉండగా, అందునా భోజనం చేసిన వెంటనే రొమ్ములో పట్టేసినట్టు వచ్చి, నిలబడగానే పోయే నొప్పిని గురించి అందులో చెప్పారు. ఇ.సి.జి. లేదు, ఎక్సురే లేదు, వినికిడి గొట్టం కూడా ఇంకా పుట్టలేదు. రోగులు చెప్పింది చెవులతో విన్నారు, అంతే. రెండువందల ఏభై ఏళ్ళు దాటినా గుండె వైద్యులు మొదట అడుగుతున్నవి ఆ ప్రశ్నలే. మన వదిన తలుపు దగ్గర నుంచి చెప్పిన ఆ ఒక్క మాట ఇ.సి.జి. కాగితం కన్నా ఎక్కువ చెప్పిందన్నమాట.

ఇది పట్నం వాళ్ళ జబ్బు, ఒళ్ళు వంచి పనిచేసే మనకు రాదనే మాట ఇంకా వింటూ ఉంటాం. ఇరవై ఏళ్ళ కిందటే, 2003, 2004 సంవత్సరాలలో, మన తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాల పల్లెల్లోనే 45 గ్రామాలను తీసుకొని, ఏడాది పాటు ఎవరు ఏ జబ్బుతో చనిపోయారో ఇంటింటా విచారించి రాశారు. గుండె జబ్బులు, పక్షవాతం వంటి రక్తనాళాల జబ్బులే అన్నిటికన్నా ముందున్నాయి. మరణాలలో దాదాపు మూడో వంతు అవే.

ఈ లెక్క ఎక్కడో చదివినప్పుడు మాకు మా నాన్నగారు గుర్తుకు వచ్చారు. ఆ రాత్రి భోజనాలయ్యాక అన్నయ్య ఇంట్లో కూర్చొని, కుటుంబంలో ఎవరికైనా గుండె జబ్బు ఉందా అని డాక్టరు అడిగితే ఏం చెప్పాలి అనే మాట వచ్చింది. "మన ఇంట్లో ఎవరికీ లేదు" అన్నారు అన్నయ్య. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. నాన్నగారు 1983లో కళ్ళంలో కుప్ప నూరుస్తూ, కాస్త గుండెల్లో మంటగా ఉందని చెప్పి, గడ్డివాము పక్కన పడుకొని ఇక లేవలేదు. అప్పటికి ఆయనకు ఏభై మూడేళ్ళు. ఊరంతా గాలి సోకిందన్నారు. మేము ప్రభువు పిలిచారన్నాం. ఆ మాట తప్పని ఇప్పుడూ అనం. కానీ ఏ జబ్బుతో పిలిచారో నలభై ఏళ్ళు మాలో మేము అనుకోలేదు. తండ్రికి గాని, అన్నదమ్ములకు గాని ఏభై ఐదేళ్ళ లోపున, తల్లికి గాని, అక్కచెల్లెళ్ళకు గాని అరవై ఐదేళ్ళ లోపున గుండె జబ్బు వచ్చిందంటే వైద్యులు దానిని ముఖ్యమైన సంగతిగా రాసుకొంటారు. అన్నయ్య చాలాసేపు దీపం వైపు చూసి, "అయితే రాయండి" అన్నారు.

అలా మొదలైంది ఆ పుస్తకం. మనవడి పాత నోటు పుస్తకంలో మిగిలిన తెల్లకాగితాలు. మొదటి పేజీలో నాన్నగారి సంగతి. తరువాత అన్నయ్యకు బి.పి. ఎప్పటి నుంచి ఉంది, ఏ మాత్ర వాడుతున్నారు, మధ్యలో ఎన్ని నెలలు మానేశారు. ఆ మానేసిన నెలల దగ్గర కొంత వాదన జరిగింది. అక్కడి నుంచి రోజుకొక పేజీ. నొప్పి వచ్చిన వేళ, అప్పుడు చేస్తున్న పని, ఎక్కడ మొదలైంది, ఎటు పాకింది, ఎంతసేపు ఉంది, ఏం చేస్తే తగ్గింది, చెమట గాని, ఆయాసం గాని, వాంతి వచ్చేటట్టు గాని ఉందా. రెండవ రోజు పేజీలో ఇలా ఉంది: "ఉదయం ఆరున్నర. గేదెకు నీళ్ళు పెట్టి వస్తుంటే. రొమ్ము నడుమ బరువు. ఎడమ భుజం దాకా లాగింది. అరుగు మీద కూర్చుంటే మూడు నిమిషాలకు పోయింది." ఆయన చేతి వాచీ చూసి రాసిన మూడు నిమిషాలు అవి. అంతకుముందు మమ్మల్ని అడిగితే "కాసేపు" అనేవారు. మన కాసేపు డాక్టరుకు ఏ లెక్కకూ అందదు.

అయిదవ రోజుకు ఇంకొక సంగతి బయటపడింది. నొప్పి రాని రోజులనుకొన్నవి నిజానికి ఆయన గట్టు ఎక్కని రోజులు. నొప్పికి భయపడి, ఎవరికీ చెప్పకుండా, గడ్డి తెచ్చే పని మనవడికి అప్పగించారు. పైకి మాత్రం "తగ్గిపోయింది, చూశారా" అంటున్నారు. పని తగ్గించినందుకు నొప్పి తగ్గితే ఆ మాట కూడా పుస్తకంలో ఉండాలి. ఉంటే గాని డాక్టరుకు అసలు సంగతి తెలియదు.

ఇక చుట్ట. ఇది రాయడానికి మాకు కొంత కష్టంగా ఉంది. యువజనుల కూడికలో పొగాకు మానమని పాఠం చెప్పేది మేమే. సంఘపెద్ద అయిన మా అన్నయ్య చేను గట్టున రోజూ రెండు మూడు చుట్టలు కాలుస్తారని మాకు ఏళ్ళుగా తెలుసు. తెలియనట్టు ఉన్నాం. ఆరోగ్య కేంద్రంలో డాక్టరుగారు అడిగినప్పుడు ఆయన "లేదండి" అన్నది డాక్టరుకు కాదు, పక్కన కూర్చున్న మాకు. మేము అక్కడ లేకపోతే నిజం చెప్పేవారేమో. మేమైనా నోరు తెరవలేదు. పొగాకు సంగతి దాస్తే డాక్టరు వేసే లెక్క మొదటి అంకెలోనే తప్పుతుంది.

అందుకని ఏలూరులో డాక్టరు గదిలోకి ఎవరు వెళ్ళాలని ఆయననే అడిగాం. సాధారణంగా మన ఇళ్ళలో చదువుకొన్నవాళ్ళు, మాట నేర్పున్నవాళ్ళు, కాస్త హోదా ఉన్నవాళ్ళు వెంట వెళ్తారు. వెళ్ళవలసింది ఎవరి ముందు రోగి సిగ్గుపడకుండా నిజం చెప్పగలడో వాళ్ళు. అన్నయ్య కాసేపు ఆలోచించి, "మీ వదిన వస్తుంది. చుట్టలు కొనేది ఆవిడే కదా" అన్నారు. అందరం నవ్వాం. మేము వరండాలోనే కూర్చుంటామని ఒప్పుకొన్నాం.

బుధవారం ఆయన ఇంట్లో కుటుంబ ప్రార్థన జరిగింది. సంఘమంతా వచ్చారు. ప్రార్థన అయ్యాక ఒక బంధువు, "ఇంత ప్రార్థన చేశాక మళ్ళీ డాక్టరు తేదీ ఏమిటి, అది అవిశ్వాసం కాదా" అన్నారు. పాస్టరుగారు దానికి పెద్దగా జవాబు చెప్పలేదు. "మంగళవారం ఏ బస్సుకు బయలుదేరుతున్నారు?" అని అన్నయ్యను అడిగి, దారి ఖర్చుకు ఒక కవరు ఆయన చేతిలో పెట్టారు. ఆ తరువాత ఎవరూ ఆ మాట ఎత్తలేదు. ఒక చిన్న మనవి మాత్రం చేస్తాం. పరామర్శకు వచ్చేవారు రాత్రి పదకొండింటి దాకా కూర్చొని, తమకు తెలిసిన గుండెపోటు మరణాలన్నీ వరుసగా చెప్పనవసరం లేదు. ఆ రాత్రి అన్నయ్య కన్ను మూయలేదు.

ఈ పన్నెండు రోజుల్లో మమ్మల్ని ఎక్కువ భయపెట్టింది పక్క ఊరి సంగతి. అక్కడ మాకు తెలిసిన ఒకాయనకు ఇలాగే బుధవారానికి తేదీ ఇచ్చారు. సోమవారం రాత్రి పడుకొని ఉండగా నొప్పి వచ్చింది, చెమటలు పట్టాయి. ఎల్లుండి ఎలాగూ వెళ్తున్నాం కదా అని తెల్లవార్లూ ఓర్చుకొన్నారు. బుధవారం మేము ఆయన భూస్థాపనకు వెళ్ళాం.

చేతిలో తేదీ ఉందంటే నొప్పి ఆ తేదీ దాకా ఆగుతుందని కాదు. పని చేస్తే వచ్చి ఆగితే పోయే నొప్పికి తేదీ ఇస్తారు. ఆ నొప్పి తీరు మారితే తేదీ చెల్లదు. ఊరక కూర్చున్నా వస్తోందన్నా, నిద్రలో లేపుతోందన్నా, మునుపటి కన్నా తక్కువ పనికే తరచుగా వస్తోందన్నా తగ్గిపోయినా సరే ఆ రోజే డాక్టరుకు చూపించాలి. వచ్చిన నొప్పి కూర్చొని అయిదు నిమిషాలు ఆగినా తగ్గకపోతే, దానితో పాటు చెమటలు, ఆయాసం, కళ్ళు తిరగడం, వాంతి ఉంటే వెంటనే 108కి ఫోను చేయాలి. 2005లో మొదలైన ఆ బండి మన పల్లెలకూ వస్తోంది. మోటారు సైకిలు మీద మధ్యలో కూర్చోబెట్టి తీసుకుపోవడం, బస్సు కోసం సెంటరు దాకా నడిపించడం ప్రమాదం. ఆర్.ఎం.పి. గారిని పిలిచి ఒక ఇంజెక్షను వేయించి తెల్లవారే దాకా చూద్దామనడం అంతకన్నా ప్రమాదం. గుండెపోటులో పోయే ప్రతి గంటా గుండె కండరంలో కొంత భాగాన్ని తీసుకొనిపోతుంది, అది మళ్ళీ రాదు.

ఆరోగ్య కేంద్రం డాక్టరుగారు అన్నయ్యకు నాలుక కింద పెట్టుకొనే సార్బిట్రేట్ మాత్రలు కొన్ని ఇచ్చారు. కూర్చొని పెట్టుకోవాలి, నిలబడి పెట్టుకొంటే రక్తపోటు తగ్గి పడిపోవచ్చు, తల కాస్త దిమ్మెక్కినా తలనొప్పి వచ్చినా కంగారుపడవద్దు అని చెప్పారు. అన్నయ్య ఆ మాత్రలను చొక్కా జేబులో భద్రంగా పెట్టుకొన్నారు. చేలోకి దిగేటప్పుడు ఆ చొక్కా విప్పి చెట్టుకు తగిలించేవారు. చెట్టు ఈ గట్టున, ఆయన ఆ గట్టున. వదిన చిన్న గుడ్డ సంచీ కుట్టి మొలతాడుకు కట్టాక గాని మాకు నిమ్మళం కలగలేదు. ఇంకొక మాట. మగవారు కొందరు ఎవరికీ చెప్పకుండా మందుల షాపులో కొనుక్కొనే సత్తువ మాత్రలు కొన్ని ఉన్నాయి. వాటితో ఇది కలిస్తే రక్తపోటు ప్రాణాపాయమయ్యేంతగా పడిపోతుంది. వాడేవారు డాక్టరు అడగకముందే చెప్పాలి.

ఎవరికో ఇచ్చిన ఈ మాత్రలను ఇంకొకరు వేసుకోకూడదు. అలాగే పరీక్ష ఉందని ఉన్న మాత్రలు సొంతంగా మానకూడదు. బి.పి. మాత్రలలో, షుగరు మాత్రలలో కొన్నింటిని పరీక్షకు ముందు ఆపమనవచ్చు, కొన్నింటిని తప్పక వేసుకొని రమ్మనవచ్చు. పరగడుపున రమ్మన్నారని షుగరు ఉన్నవాళ్ళు మాత్ర వేసుకొని అన్నం మానేస్తే దారిలోనే కళ్ళు తిరిగి పడిపోతారు. తేదీ ఇచ్చిన ఆసుపత్రికే ముందు రోజు మళ్ళీ ఫోను చేసి, ఏ మాత్ర వేసుకోవాలి, ఏం తిని రావాలి, ఎన్ని గంటలకు ముందు తినాలి అని అడిగి రాసుకొన్నాం. ఫోను ఎత్తినమ్మాయి ఓపికగానే చెప్పింది.

బయలుదేరే ముందు రాత్రి సంచీ సర్దాం. నోటు పుస్తకం, పాత ఇ.సి.జి., రక్త పరీక్షల కాగితాలు, మాత్రల పేర్లు రాసుకోవడం కాక మాత్రల అట్టలే, ఆధారు, రేషను కార్డు, కళ్ళజోడు, ఒక దుప్పటి. ముందు గుండీలున్న చొక్కా. ఆడవాళ్ళైతే విడిగా జాకెట్టు లేదా పై వస్త్రం ఉన్న దుస్తులు వేసుకొంటే ఇ.సి.జి. తీసేటప్పుడు ఇబ్బంది పడరు. రొమ్ముకు కొబ్బరినూనె గాని, నొప్పి బాము గాని, పౌడరు గాని రాసుకొని వెళ్ళకూడదు, అంటించే బిళ్ళలు నిలవవు. వదిన అలవాటు కొద్దీ తెల్లవారుజామున బాము రాయబోతే మనవడు సీసా దాచేశాడు. వాడి బూట్లే అన్నయ్యకు పెట్టాం. నడిచే యంత్రం మీద పరీక్ష చేస్తారని విన్నాం, జారే చెప్పులతో కుదరదు. జీవితంలో మొదటిసారి బూట్లు తొడుక్కొని ఆయన వాకిట్లో పెళ్ళికొడుకులా అటూ ఇటూ నడిచి చూసుకొన్నారు.

డబ్బు సంగతి కూడా ముందే చూసుకోవాలి. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలైన పథకం తెలంగాణలో ఆ పేరుతోనే ఉంది, ఆంధ్రప్రదేశ్‌లో 2024 నుంచి ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు. ఆ పథకంలో చేరిన ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర అని ఒకరు బల్ల వేసుకొని కూర్చుంటారు. మనం ఆ తేదీ ఇచ్చిన ఆసుపత్రి పథకంలో ఉందా, ఏ పరీక్ష కార్డు కిందికి వస్తుంది, ఏది రాదు అని వారినే అడగాలి. మొదటి రోజు పరీక్షలకు కొంత చేతిలో ఉంచుకొంటే గేదెను అమ్ముకొనే తొందర ఉండదు.

మంగళవారం మొదటి బస్సుకు వెళ్ళాం. మేము వరండాలో ఉన్నాం కాబట్టి గదిలో జరిగింది వదిన చెప్పిందే. డాక్టరుగారు పుస్తకం తీసుకొని నాలుగు పేజీలు తిరగేశారట. నాన్నగారి పేజీ దగ్గర ఆగారట. చుట్టల సంగతి అన్నయ్యే చెప్పారట, ఎన్నేళ్ళ నుంచి, రోజుకు ఎన్ని అనేది కూడా. ఎకో పరీక్ష చేశారు. అది శబ్ద తరంగాలతో గుండె కొట్టుకోవడాన్ని తెర మీద చూసేది, నొప్పి ఉండదు. గుండె బలం బాగానే ఉందన్నారు. తరువాత టి.ఎం.టి. అనే నడక పరీక్ష.

దీని గురించి ముందు రాత్రే ఒక చిక్కు వచ్చింది. పరీక్ష అనే మాట వినగానే మనకు బడి గుర్తుకు వస్తుంది, ఎలాగైనా గట్టెక్కాలనిపిస్తుంది. అన్నయ్య కూడా నొప్పి వచ్చినా పంటి బిగువున నడిచి పాసవుదామనే అనుకొన్నారు. చిన్నమ్మాయి అడ్డుపడి, "నాన్నా, నొప్పి వస్తే వచ్చిందని చెప్పడానికే ఆ పరీక్ష" అని గట్టిగా చెప్పింది. మూడేసి నిమిషాలకొకసారి ఆ యంత్రం వేగం పెంచుతారు, ముందు భాగాన్ని ఇంకాస్త ఎత్తు చేస్తారు. పక్కనే తెర మీద ఇ.సి.జి. నడుస్తూ ఉంటుంది. రొమ్ములో బరువు, ఆయాసం, కళ్ళు తిరగడం ఏది మొదలైనా చెప్పాలి, వెంటనే ఆపుతారు. అయిదవ నిమిషంలో అన్నయ్య చెయ్యి ఎత్తి, "గట్టు వచ్చిందండి" అన్నారట. అక్కడి నర్సమ్మకు అర్థం కాలేదు. పుస్తకం చదివిన డాక్టరుగారికి అర్థమైంది. తెర మీద గీత కూడా మారింది.

రెండు రోజుల తరువాత యాంజియోగ్రాం చేశారు. మణికట్టు దగ్గర నాళంలోంచి సన్నని గొట్టం పంపి, మందు ఎక్కించి, గుండె నాళాలను ఫొటో తీసే పద్ధతి అది. దానికి ముందు మూత్రపిండాల పనితీరు తెలిపే రక్త పరీక్ష చేయించారు, ఏ మందైనా పడదా అని అడిగారు. మూడు ముఖ్యమైన నాళాలలో ఒకటి బాగా సన్నబడిందని తేలింది. అక్కడే స్టెంటు వేశారు. కార్డు కింద జరిగింది. చుట్ట ఆ రోజు నుంచి లేదు. మాత్రలు మాత్రం రోజూ ఉన్నాయి, తనంతట తాను ఒక్కటీ మానకూడదని మరీ మరీ చెప్పి పంపారు. అన్నయ్య ఇంటికి వచ్చేసరికి బావమరుదులు కోత మిషను తెప్పించి చేను కోయించి, బస్తాలు కట్టించారు. ఎకరాకు ఎన్ని వచ్చాయో చెబితే, "నేనుంటే ఇంకో బస్తా రాలేది" అన్నారు.

మా వదిన సంగతి చెప్పడం మరిచాం. నిజానికి మరిచింది ఇప్పుడు కాదు. మొదటి రాత్రి పుస్తకం రాస్తున్నప్పుడే ఆవిడ, "నాకూ బిందె ఎత్తితే ఆయాసం వస్తోంది, దవడ లాగుతోంది" అన్నారు. ఆడవాళ్ళకు ఆయాసం మామూలేనని ఎవరో అన్నారు, మేమూ ఊరుకొన్నాం. ఆవిడకు పదేళ్ళుగా షుగరు ఉంది. ఆడవారిలోను, షుగరు ఉన్నవారిలోను గుండె జబ్బు రొమ్ము నొప్పిగానే రావాలని లేదు. ఆయాసంగా, విడవని నీరసంగా, దవడలోనో వీపులోనో కడుపు పైభాగంలోనో లాగినట్టుగా, అజీర్తిలా కూడా వస్తుంది. క్రిస్మసు వారంలో అదే నోటు పుస్తకాన్ని వెనుక వైపు నుంచి తిప్పి చూస్తే పదకొండు పేజీలు ఆవిడ చేతిరాతతో నిండి ఉన్నాయి. వేళలు, నిమిషాలు, బిందెలు అన్నీ రాసి ఉన్నాయి.

జనవరిలో ఆవిడకు తేదీ దొరికింది. వరండాలో పేరు పిలిచినప్పుడు, లోపలికి ఎవరు రమ్మంటారని అడిగాం. "ఎవరూ వద్దు. నేను చెప్పుకోగలను" అని పుస్తకం తీసుకొని వెళ్ళారు.